గేటుకు కట్టిన పొట్టేలు

చిన్నాయన పోయిన కబురు వచ్చిన పొద్దు కూడా మిగతా పొద్దుల్లాంటిదే. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను. పొయ్యి మీద పాలు పెట్టాను. లింగమంతుల స్వామి పటం ముందు దీపం వెలిగించి, వత్తి సరిచేసి, కళ్లు మూసుకున్నాను. బయట కూరగాయల బండి మైకు దోసకాయలు, బీరకాయలు అంటూ మా సూర్యాపేట గల్లీ దాటిపోతోంది. ఫోన్ మోగింది. దీపం దగ్గర ఉన్నప్పుడు ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. అది ఆగి మళ్లీ మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఇంతలో పాలు పొంగిన వాసన వచ్చింది. పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, అప్పుడు ఎత్తాను.

కోదాడ నుంచి చిన్నమ్మ.

"బిడ్డా, మీ చిన్నాయన కుర్చీలనే పోయిండు. పేపర్ చదువుకుంట చదువుకుంట తల వాల్చిండు. నిద్ర పట్టిందేమో అనుకున్న నేను."

"తలుపు తీసే ఉన్నదా చిన్నమ్మా?" అని అడిగాను. ఆ మాటే ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"తీసే ఉన్నది. ఎప్పుడన్న మూయనిచ్చిండా ఆయన?" అని చిన్నమ్మ గట్టిగా ఏడ్చింది.

ఇది చదివేవాళ్లలో ఆయనను ఎరిగినవాళ్లు ఉంటారు. తిట్టినవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

చిన్నాయన మా నాయనకు ఆఖరి తమ్ముడు. మాది సూర్యాపేట పక్క పల్లె, గొర్లు కాచుకునే ఇల్లు. మందను వదిలి కాలేజీకి పోయిన మొదటి మనిషి ఆయనే. ఆ తర్వాత ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. పంతులంటే తెలుసు, పోలీసంటే తెలుసు. ఫ్యాక్టరీలో మనుషులను చూసుకునే ఉద్యోగం అంటే ఏమిటి?

"గొర్లను కాస్తే ఉన్ని వస్తది, ఎరువు వస్తది. మనుషులను కాస్తే ఏమొస్తది తమ్మీ?" అని అడిగేవాడు నాయన.

"తిట్లొస్తయ్ అన్నా" అనేవాడు చిన్నాయన.

చిన్నాయనకు, చిన్నమ్మకు పిల్లలు లేరు. నాయన కూడా ఇప్పుడు లేడు. చిన్నాయనకు తలకొరివి పెట్టాల్సింది అన్న కొడుకే, అంటే మా తమ్ముడే. ఆ తమ్ముడు చిన్నాయనతో మాట మానేసి చాలా ఏళ్లయింది. మిర్యాలగూడలో ఉంటాడు, మిల్లుల నుంచి బియ్యం తోలే డీసీఎం వ్యాను నడుపుతాడు. చిన్నమ్మ ఫోన్ పెట్టగానే వాడికి చేశాను. ఇంజిన్ చప్పుడులోనే మాట్లాడాడు.

"వస్త అక్కా. చిన్నమ్మ కోసం వస్త. కుండ మాత్రం పట్ట. ముందుగాలనే చెప్తున్న."

"రా" అన్నాను.

కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మనసులో స్వామి పేరు అనుకుంటూనే ఉన్నాను, మధ్యలో మాత్రం చిన్నాయనే వచ్చి నిలబడుతున్నాడు. నిలబడటం ఆయన అలవాటు. ఎవరింటికి పోయినా గడప దగ్గరే నిలబడి మాట్లాడేవాడు. కూర్చోక తప్పకపోతే తలుపుకు ఎదురుగా కూర్చునేవాడు. ఆ తలుపు బార్లా తీసి ఉండాలి. చలికాలంలో చిన్నమ్మ వణుకుతూ మూయబోతే, "ఉండనియ్యి. తలుపు మూసి మాట్లాడితే బయటోడు కథ అల్లుకుంటడు" అనేవాడు.

"ఇంట్ల మనమిద్దరమే ఉన్నం కదా, ఏం కథ అల్లుతరు?" అని చిన్నమ్మ.

"అలవాటు తప్పుతదని."

ఆయన మొదటి కొలువు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు గుమస్తాగా. అక్కడ హమాలీలను పిలిచేది, పంపేది అంతా ముఠా మేస్త్రి. ఎవడు ఎందుకు వచ్చాడో, ఎవడు ఎందుకు మానేశాడో రాసేవాళ్లు లేరు. ఒక హమాలీ నడుము పట్టేసి పడిపోతే, ఏ ఊరివాడని చిన్నాయన అడిగాడట. ఎవరూ చెప్పలేకపోయారు. మేస్త్రి ఆ రోజు లేడు. సేటు దగ్గరికి పోతే, "మనుషుల సంగతి మేస్త్రి చూస్కుంటడు, నువ్వు బస్తాల సంగతి చూడు" అన్నాడట. బస్తా మీద ఊరి పేరు ఉంటుంది, రకం పేరు ఉంటుంది, మనిషి మీద ఏమీ ఉండదు. ఆ మాట చెప్పి నవ్వేవాడు కానీ, ఆ నవ్వు నాకు ఎప్పుడూ నవ్వులా అనిపించలేదు.

ఆ తర్వాత మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. కాపురం కోదాడలో పెట్టాడు. మొదట టైమ్ ఆఫీసు. గోడకు మేకులు, మేకులకు ఇత్తడి బిళ్లలు, బిళ్ల మీద మనిషి నంబరు. వచ్చినవాడు తన బిళ్ల తీసి డబ్బాలో వేయాలి. రానివాడి బిళ్ల దోస్తు వేసేవాడు. చిన్నాయనకు తెలుసు. తెలిసినా అందరి ముందు అడగడు, పక్కకు పిలిచి అడుగుతాడు. పక్కకు పిలిచాడు కాబట్టి ఏదో తిన్నాడని అనేవాళ్లు. అప్పటి నుంచే ఆయన పక్కకు పిలవడం మానేశాడు. తలుపు మూయడమూ అప్పుడే మానేశాడు.

టైమ్ ఆఫీసు మీద కొన్నాళ్లకు పర్సనల్ డిపార్ట్‌మెంట్ అని బోర్డు పడింది. ఇంకొన్నాళ్లకు అది హెచ్‌ఆర్ అయింది. పట్నం నుంచి చిన్న వయసు పిల్లలు కోట్లు వేసుకుని వచ్చారు. పని కాంట్రాక్టర్లకు పోయింది. బీహారు నుంచి, ఒడిశా నుంచి మనుషులు వచ్చారు. గేటు లోపల ఎవరు ఎవరి మనిషో తెలియకుండా అయింది. "దెబ్బ తగిలితే కాంట్రాక్టరు మనిషి, సమ్మె జేస్తే మన మనిషి. గిట్ల మాట్లాడుతరు బిడ్డా పైవాళ్లు" అని ఒకసారి నాతో అన్నాడు.

వేలిముద్రల మిషన్ పెట్టినప్పుడు ప్యాకింగ్‌లో పనిచేసేవాళ్ల వేళ్లు అది గుర్తుపట్టలేదు. సిమెంటుకు వేళ్ల గీతలు అరిగిపోయాయి. జీతం కోయడానికే మిషన్ తెచ్చారని కార్మికులు గొడవపెట్టారు. చిన్నాయన మిషన్ పక్కన నిలబడి, వేలు పడనివాడి హాజరు చేత్తో రాయించాడు. దొంగ హాజర్లు వేయిస్తున్నాడని పైనుంచి ఆయన మీదే మనిషిని పంపి విచారించారు. ఆ రోజుల్లోనే అన్నాడు ఈ మాట: "ఇటోళ్లు అనుమానపడుతున్నరు, అటోళ్లు అనుమానపడుతున్నరు. అంటే నేను నడిమిట్లనే ఉన్న."

అది నిజమేనా, తనకు తాను చెప్పుకున్న ఓదార్పా అని నాకు అప్పుడే అనిపించింది. నడుమ నిలబడినవాడు ఎటువైపో ఒక అడుగు వేయకుండా ఉండగలడా?

ఇక పొట్టేలు సంగతి చెప్పాలి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతర వచ్చిన ఏడు, మందలో మంచి పొట్టేలును ఒకదాన్ని వేరుపడిన అన్నదమ్ముడి వాకిట్లో కట్టి రావాలి. మంద ఒకరి దగ్గరే ఉన్నా అందులో రెండోవాడికీ వాటా ఉందని దాని అర్థం. ముందు చెప్పరు. కట్టేసి వస్తారు. తీసుకున్నవాడు దాని నుదుట పసుపు రాస్తాడు. తిప్పి పంపితే మాత్రం వాటా వద్దన్నట్టే, ఆ ఇంటితో తెగినట్టే.

తమ్ముడు అప్పుడు అదే ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాడు. ఆ ఏడు కొంతమందిని పర్మినెంట్ చేస్తామన్నారు. సోమవారం గేటు దగ్గర పేర్లు చదువుతారు. తమ్ముడి పేరు ఉంటుందని అందరికీ తెలుసు. వాడి పనికి వంక పెట్టేవాడు లేడు. నాయనకు అవేవీ పట్టలేదు. ఆయనకు గుర్తున్నది జాతర ఒక్కటే. వారం మధ్యలో, తమ్ముడికి సెలవు దొరికిన పొద్దు, పొట్టేలును ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపాడు.

తమ్ముడు తెల్లవారకముందే కోదాడ చేరాడు. తలుపు తీసే ఉంది, ఇద్దరూ ఇంకా లేవలేదు. లేపడం ఎందుకని గేటుకు కట్టేసి వచ్చాడు. ఫ్యాక్టరీ బస్సు ఆగేది సరిగ్గా ఆ గేటు ముందే. మెడలో గంట, కొమ్ములకు రంగు, నల్లటి పొట్టేలు. షిఫ్టుకు పోయే ప్రతివాడూ దాన్ని చూశాడు. మిల్లుల దగ్గర మేస్త్రికి కోడిని పట్టుకుపోయి పని అడగడం ఈ దిక్కు అందరికీ తెలిసిన సంగతే. ఇక పర్సనల్ సారు గేటుకు పొట్టేలు, అది కట్టింది ఆయన అన్న కొడుకు, కట్టిపోతుంటే ఎవరో చూశారట. బస్సు కన్నా ముందే ఆ మాట ఫ్యాక్టరీ చేరింది.

ఆ సాయంత్రమే చిన్నాయన అదే పొట్టేలుతో మా ఇంటికి వచ్చాడు. ట్రాలీలో దాని పక్కనే నిలబడి వచ్చాడు. దొడ్లో కట్టేశాడు. మంచినీళ్లు తాగాడు.

"ఏంది తమ్మీ, వాటా ఒద్దా?" అన్నాడు నాయన.

"ఈసారి ఒద్దన్నా."

"ఈసారేనా, ఇగ ఎప్పటికీనా?"

చిన్నాయన నీళ్ల చెంబు కింద పెట్టి వెళ్లిపోయాడు. సోమవారం పేర్లు చదివారు. తమ్ముడి పేరు లేదు. తర్వాత కాంట్రాక్టరు మారాడు, తమ్ముడి పనీ పోయింది.

ఆ పొట్టేలును ఎవరూ కోయలేదు. మందలోనే ముసలిదై పోయింది. అనుమానం మాత్రం పోలేదు. తన నిజాయితీకి పేరు రావాలని నన్ను బలిచ్చాడని తమ్ముడు. ఆఫీసరయ్యాక గొర్ల వాసన పడడం లేదని నాయన. పైవాళ్లు చెప్పిన పేరు ఇరికించడానికి తమ్ముడి పేరు తీశాడేమోనని నేను. ఒకే ఇంట్లో మూడు అనుమానాలు, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా బతికాయి. నేను దీపం ముందు కూర్చుంటే నాది నా పక్కనే కూర్చునేది.

రిటైరయ్యాక చిన్నాయన సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. పొద్దున కోదాడ నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం పోయేవాడు. ప్రైవేటు దవాఖానాలు, బడులు తమ పనివాళ్ల పీఎఫ్, ఈఎస్ఐ పనులకు ఆయన్ను పిలిచేవి. నేను అప్పుడప్పుడు టిఫిన్ పట్టుకుపోయేదాన్ని. ఒకరోజు నేనుండగానే ఒక దవాఖానలో ఊడ్చే ఆమె వచ్చింది, కొంగు బిగించుకుని.

"సారూ, నా జీతంల కోస్తున్నరట. ఆ పైసలు ఎవలు తింటున్నరు?"

"ఎవ్వలు తినరమ్మా. నీ పేరు మీదనే ఉంటయ్."

"నా పేరు మీద ఉంటే నా కొంగుల ఉండాలె గదా!"

చిన్నాయన పకపకా నవ్వాడు. ఆమె ఫోన్ తీసుకుని చూపించాడు. "గీ ఫోన్ గూడ మీరు చెప్పినట్టే చెప్తది" అంది ఆమె. అయినా కూర్చుంది. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాడు. ఆమె పోయేటప్పుడు కూడా పూర్తిగా నమ్మలేదు. "మళ్లొస్త" అని బెదిరించినట్టే చెప్పి పోయింది.

"రా తల్లీ, రోజూ రా" అన్నాడు. తర్వాత నాతో, "అనుమానం వచ్చింది, అడగనీకె వచ్చింది. ఈమెతోని నాకు భయం లేదు బిడ్డా. అనుమానం పెట్టుకోని రానోళ్లతోనే భయం."

ఎవరి గురించి అంటున్నాడో నాకు తెలుసు. అప్పుడు ధైర్యం చేసి అడిగాను, "తమ్ముని పేరు నువ్వే తీసినవా చిన్నాయనా?"

"నేనే తీసిన."

"ఎందుకు?"

ఆయన తెరిచి ఉన్న తలుపులోంచి రోడ్డు వైపు చూశాడు. "పొట్టేలు మంచి బలంగ ఉండె. మీ నాయన పెంపకం" అన్నాడు. టిఫిన్ మూత పెట్టి నా చేతికిచ్చాడు. అంతే. నా అనుమానం అక్కడ తీరకపోగా ఇంకొంచెం పెరిగింది.

బస్సు దిగేసరికి కోదాడ ఇంటి ముందు టెంటు వేసి ఉంది. కుర్చీలు, నీళ్ల డ్రమ్ము. అన్నీ చూసుకుంటున్నది మా బంధువులు కాదు, ఫ్యాక్టరీ యూనియన్ లీడరు. ఏళ్ల తరబడి గేటు ముందు చిన్నాయన పేరు పెట్టి డౌన్ డౌన్ అన్న మనిషి. తమ్ముడు అప్పటికే వచ్చి ఉన్నాడు. నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"సూసినవా అక్కా? బతికినన్ని రోజులు తిట్టినోడు, ఇయ్యాల నీళ్లు పోస్తుండు. ఏదో మతలబు ఉంటది."

నాకూ అలాగే అనిపించింది. లీడరు వచ్చి చిన్నాయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. తమ్ముడు ఊరుకోలేదు.

"లీడర్ సాబ్, గీడ ఫ్యాక్టరీ గేటు లేదు. ఎవరి మీద అరుస్తవ్?"

"అరవడానికి మనిషి లేకనే కదా తమ్ముడూ కూర్చున్నాను" అన్నాడాయన. కోదాడ మాట, మెత్తగా ఉంది. "నీకో సంగతి చెప్పాలి. ఆ పొట్టేలు సంగతి."

తమ్ముడు ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ పొద్దున బస్సులో నేనూ ఉన్నాను. గేటుకు పొట్టేలును చూశాం. ఆ రోజు ఎవరూ పనిలోకి దిగలేదు. నేనే పోయి మీ చిన్నాన్నతో అన్నాను, మీ అన్న కొడుకు పేరు చదివితే గేటు మూస్తామని. ఆయన మీ మంద వాటా సంగతి చెప్పాడు. నేను నమ్మాను."

"నమ్మితే మరి?"

"నేనొక్కడిని నమ్మితే సరిపోతుందా? బయట నిలబడ్డవాళ్లకు మైకులో చెప్పమంటావా, అది లంచం కాదు, వాటా అని? నవ్వి చస్తారు. అప్పుడు మీ చిన్నాన్న, 'సరే తీసేస్తాను, మీరు అడిగితే తీశానని మాత్రం వాడికి తెలియొద్దు, వాడు రేపు కూడా మీ పక్కన నిలబడి బస్తాలెత్తాలి, మీ మీద పగ పెట్టుకుని ఎట్లా ఎత్తుతాడు' అన్నాడు. నాతో మాట తీసుకున్నాడు."

"మాట తీసుకున్నాయన సచ్చిండని ఇయ్యాల చెప్తున్నవా?" తమ్ముడి గొంతు లేచింది. "ఆయన లేసి ఔననడు, కాదనడు. మంచిగ దొరికింది నీకు."

అప్పటిదాకా తల ఎత్తని చిన్నమ్మ నెమ్మదిగా అంది, "మావోడి పేరు జాగల ఎవల పేరు చదివిన్రో, అది గూడ చెప్పు."

లీడరు కండువా చేతికి చుట్టుకున్నాడు. "మా మేనల్లుడిది. వరసలో తర్వాత ఉన్నది వాడే అమ్మా. నేను పెట్టించలేదు."

నేను ఆయన ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. ఆయన చెప్పింది నిజం కావచ్చు. సగమే నిజం కావచ్చు. ఎందుకు తీసినవంటే పొట్టేలు బలంగా ఉండెనని చిన్నాయన అన్న మాట ఆ కథలో సరిగ్గా ఇముడుతుంది. అలా ఇమిడిందని నమ్మేయాలా? రోజంతా స్వామిని అడిగాను.

పొద్దు వాలేవేళకు తమ్ముడు గేటు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. పోయి పక్కన నిలబడ్డాను.

"నువ్వు ఎప్పుడన్న ఆయన్ను అడిగినవా రా?"

"ఏమని అడగాలె?"

"నా పేరెందుకు తీసినవని."

వాడు గేటు ఊచ పట్టుకున్నాడు. "ఆయనే చెప్పొచ్చు గద అక్కా."

"ఆయన చెప్పలే. నువ్వు అడగలే."

"ఇప్పుడు అడిగితే..." అని ఆగిపోయాడు. పెద్దవాడయ్యాక వాడు ఏడవడం నేను చూడలేదు. ఆ సాయంత్రం కూడా ముఖం తిప్పుకున్నాడు కాబట్టి చూశానని చెప్పలేను. కొంచెం సేపటికి, "గా లీడరు చెప్పింది నమ్ముతవా నువ్వు?" అన్నాడు.

"తెల్వదు."

"నాకు అనుమానమే."

"నాకూ అనుమానమే. ఉండనీ. కుండ పట్టు."

వాడు లోపలికి పోయి చిన్నమ్మ పక్కన కూర్చున్నాడు. "రేపు పొద్దున ఎన్నింటికి పాడె లేపుదాం చిన్నమ్మా?" అని అడిగాడు. చిన్నమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టింది.

ఆ సాయంత్రం ఇంటివాళ్లం కూర్చుని అనుకున్నది ఇది. తలకొరివి తమ్ముడు పెడతాడు. పాడె ఒక కొమ్ము ఫ్యాక్టరీ వాళ్లకు ఇస్తాం, లీడరుతో సహా. ఫొటోలకని ఫోన్లు మాత్రం జేబుల్లోంచి బయటికి రాకూడదని తమ్ముడు షరతు పెట్టాడు, లీడరు తలూపాడు. వచ్చే జాతరకు, ఊళ్లో కాపరి చూసుకుంటున్న మన మందలోంచి పొట్టేలు చిన్నమ్మకు రావాలి. తెల్లవారకముందు కాదు, బస్సు ఆగే వేళకే, అందరూ చూస్తుండగానే తెచ్చి గేటుకు కట్టాలి. ఎవరైనా ఏమిటని అడిగితే, అడిగినవాడికల్లా చెప్పాలి. ఆ మాటా తమ్ముడే అన్నాడు.

చివరికి మా దూరపు బంధువు ఒకాయన దోమలు వస్తున్నాయని తలుపు దగ్గరగా వేయబోయాడు. "తీసే ఉంచున్రి" అంది చిన్నమ్మ. ఫ్యాక్టరీ బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లు చెప్పులు విడిచి, గేటు బయటే వరుసగా నిలబడ్డారు. అక్కడి నుంచే, తీసి ఉన్న తలుపులోంచి, చిన్నాయన వాళ్లకు కనిపిస్తున్నాడు.